చెన్నై ఫ్లైట్‌కి రైల్లో వెళ్తున్నారా? తిరుసూలంలో దిగండి

గన్నవరం నుంచి నేరుగా ఫ్లైట్ లేని ఊరికి వెళ్ళాలంటే గుంటూరు, విజయవాడ వాళ్ళకి హైదరాబాద్ అన్నా కావాలి, చెన్నై అన్నా కావాలి. చెన్నైలో ఒక సుఖం ఉంది. ఎయిర్‌పోర్టుకి ఎదురుగానే లోకల్ రైల్వే స్టేషన్ ఉంది, పేరు తిరుసూలం. మధ్యలో ఉండేది జీఎస్టీ రోడ్డు (పన్ను కాదండోయ్, గ్రాండ్ సదరన్ ట్రంక్ రోడ్డు), దాని కింద నుంచి సబ్‌వేలో నడిచి అవతలికి వెళ్ళిపోవచ్చు.

అసలు కిటుకు రైలు టికెట్ దగ్గరే ఉంది. అలవాటు కొద్దీ సెంట్రల్‌కి బుక్ చేసేస్తాం కదా, చార్మినార్ ఎక్స్‌ప్రెస్ అయితే ఎగ్మోర్ మీదుగా తాంబరం దాకా వెళ్తుంది, అక్కడికే తీసుకోండి. గుంటూరు వాళ్ళు తెనాలి వెళ్ళి ఎక్కొచ్చు. విజయవాడకి ఈ రైలు అర్ధరాత్రి అటూ ఇటూగా వస్తుంది కాబట్టి బుక్ చేసేటప్పుడు తేదీ ఒకటికి రెండుసార్లు చూసుకోండి, ఒక్క రోజు తేడా వచ్చిందంటే ఫ్లైట్ మీద కూడా ఆశ వదులుకోవాల్సిందే.

తాంబరంలో దిగాక లోకల్ టికెట్ విడిగా తీసుకోవాలి, 10 రూపాయల లోపే. చెన్నై బీచ్ స్టేషన్ వైపు వెళ్ళే బండి ఎక్కితే శానటోరియం, క్రోంపేట, పల్లావరం, నాలుగోది తిరుసూలం. పొద్దున పూట ఆఫీసు జనం అంతా అటువైపే. చెంగల్పట్టు నుంచి కిక్కిరిసి వచ్చే బండిని పోనిచ్చి, తాంబరంలోనే బయల్దేరే ఖాళీ బండి ఎక్కండి. సూట్‌కేసుతో లోపలికి వెళ్ళి కూర్చోవద్దు, తలుపుకి కాస్త దగ్గర్లోనే ఉండండి, స్టేషన్లో బండి ఆగేది కాసేపే.

సెంట్రల్‌కే టికెట్ దొరికిందా? బయట సబ్‌వే దాటితే పార్క్ స్టేషన్, అక్కడ తాంబరం లేదా చెంగల్పట్టు లోకల్. చెన్నైలో ఆటోవాళ్ళతో సహా చాలామంది మీనంబాక్కం ఎయిర్‌పోర్టు అనే అంటారు, అది విని నేను ఒకసారి మీనంబాక్కం స్టేషన్లో దిగిపోయాను. బండి కదిలాక చూస్తే చుట్టూ ఇళ్ళే, ఎయిర్‌పోర్టు జాడ లేదు. చేతిలో 23 కిలోల పెట్టె, పైగా టెన్షన్. తర్వాతి లోకల్ వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. ఇటు నుంచి వెళ్తే మీనంబాక్కం తర్వాతి స్టేషనే తిరుసూలం, అది వచ్చేదాకా కదలకండి.

నిజం చెప్పాలంటే పెద్ద పెట్టెలు రెండు ఉంటే, ఇంట్లో పెద్దవాళ్ళు వెంట ఉంటే, సెంట్రల్ నుంచి లోకల్ వద్దు, మెట్రో ఎక్కండి. పార్క్ స్టేషన్ దగ్గర ఆ మెట్లు ఎక్కి దిగడం మాటలు కాదు. మెట్రోకి డబ్బులు ఎక్కువే గానీ ఏసీ ఉంటుంది, లిఫ్ట్ ఉంటుంది, బ్లూ లైన్లో మారాల్సిన పని లేకుండా ఎయిర్‌పోర్టు ప్రాంగణంలోనే దించుతుంది.

తిరుసూలం సబ్‌వే దాటాక టెర్మినల్ దాకా ఇంకొంచెం నడక ఉంది. బోర్డులు చూస్తూ అటూ ఇటూ తిరగకుండా టికెట్ మీద టెర్మినల్ నంబర్ ముందే చూసుకోండి, విదేశాలకి టీ2. ఆవకాయ సీసా చేతి సంచిలో ఉంటే సబ్‌వే దగ్గరే ఆగి పెద్ద పెట్టెలోకి మార్చేయండి, లోపల సెక్యూరిటీ దగ్గర దాన్ని వదిలేసి రావడం చాలా బాధ.