పాత మెటాడోర్ వ్యాన్‌ని రీస్టోర్ చేసి, మార్చి రోడ్డెక్కించాలంటే ఆర్టీఓ ఆఫీసులో దరఖాస్తు ఎలా

పాత మెటాడోర్ ఒకటి దొరికింది, రీస్టోర్ చేసి మనకి నచ్చినట్టు మార్చుకుందాం అనుకునేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. అడిగేవి కూడా ఇంచుమించు ఒకటే ప్రశ్నలు, టింకరింగ్‌కి ఎంతవుతుంది, డీజిల్ ఇంజన్ తీసేసి వేరేది కూర్చోబెట్టొచ్చా, వెనకాల బెడ్ వేయించి పక్కన కిటికీలు కోయిస్తే ఎలా ఉంటుంది. సీ బుక్కులో, అంటే ఆర్‌సీలో (బండి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్) ఏం రాసుందండీ అని తిరిగి అడిగితే మాత్రం సమాధానం రాదు. నేను చెప్పేది ఒకటే, రేకు మీద గ్రైండర్ పెట్టకముందే కాయితం సంగతి తేల్చుకోండి, ఎందుకంటే ఏది కోయొచ్చు ఏది కోయకూడదు అనేది మేస్త్రి చేతిలో లేదు, ఆ సీ బుక్కులో ఉన్న వెహికల్ క్లాస్‌ని బట్టి ఉంటుంది.

1969 నుంచి బజాజ్ టెంపో వాళ్లు, అంటే 2005లో ఫోర్స్ మోటార్స్ అని పేరు మార్చుకున్న కంపెనీ, ఈ వ్యాన్‌ని రకరకాల బాడీలతో అమ్మారు. ఒకటి సరుకుల వ్యాన్, ఒకటి సీట్లున్నది, ఒకటి అంబులెన్స్. బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ ఆర్‌సీలో ఒకదానికి గూడ్స్ క్యారేజ్ అని, ఇంకోదానికి ఓమ్నీ బస్ (ఎక్కువ సీట్ల బండి) అని, వేరేదానికి అంబులెన్స్ అని ఉంటుంది, ఆఫీసులో మీ ఫైలు నడిచేది దాన్ని బట్టే. స్టాండర్డ్ 20 వ్యాన్ అయినా మారుతి ఓమ్నీ కార్గో అయినా ఇదే కథ.

ముందు సీ బుక్కు

1989కి ముందు నంబరు అయితే, అంటే మూడు ఇంగ్లీషు అక్షరాలు ఆ తర్వాత అంకెలు ఉండే పాత నంబర్లు, ఆ బండి వివరాలు ఆన్‌లైన్‌లో ఉండకపోవచ్చు. కేంద్ర రవాణా శాఖ వాళ్ల పరివాహన్ సైట్‌లో నంబరు కొడితే ఏమీ రాదు. అప్పుడు కంగారుపడి బండి వదిలేసుకోనక్కర్లేదు, రిజిస్టర్ అయిన ఆఫీసుకి ఒరిజినల్ సీ బుక్కు పట్టుకెళ్లి బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయమని అర్జీ పెట్టుకోవాలి, వాళ్లు పాత రిజిస్టర్‌తో పోల్చి చూసి సిస్టమ్‌లోకి ఎక్కిస్తారు. ఇది అవ్వకుండా మిగతా ఏ సర్వీసూ ఆన్‌లైన్‌లో కదలదు. ఆ తర్వాత మొబైల్ నంబర్ అప్‌డేట్ చేయించుకోండి, ఎందుకంటే ప్రతీదానికీ చాసిస్ నంబర్ చివరి 5 అంకెలూ ఫోన్‌కి వచ్చే ఓటీపీ అడుగుతుంది. తెలంగాణలో చాలాకాలం సొంత సైటు, సొంత స్లాట్ బుకింగ్ నడిచాయి కాబట్టి అక్కడివాళ్లు మీ ఆఫీసులో ఏ సర్వీసు ఏ సైట్లో తీసుకుంటున్నారో ముందే అడిగి మొదలుపెట్టండి.

బండి ఇంకా పాత ఓనర్ పేరు మీదే ఉంటే ముందు ట్రాన్స్‌ఫర్. ఫారం 29, ఫారం 30 మీద ఇద్దరి సంతకాలు, ఓనర్ చనిపోయి ఉంటే వారసుల తరఫున ఫారం 31, వేలంలో కొన్నది అయితే ఫారం 32. ఎప్పుడో 1980ల్లో ఫైనాన్స్ మీద తీసిన బండ్లకి ఆ హైపోథెకేషన్, అంటే బండి అప్పు కింద ఉందని ఆర్‌సీలో రాసిన మాట, అలాగే మిగిలిపోయి ఉంటుంది, దాన్ని తీయించడానికి ఫారం 35 కావాలి, అప్పిచ్చిన కంపెనీ మూతపడితే ఈ ఒక్క పనే మిగతా అన్నిటికంటే ఎక్కువ టైం తింటుంది. వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28 మీద ఎన్‌ఓసీ, అంటే నో అబ్జెక్షన్ సర్టిఫికెట్. రాష్ట్రం విడిపోకముందు హైదరాబాద్‌లో రిజిస్టర్ అయిన ఏపీ నంబరు బండి ఇప్పుడు విజయవాడలో ఉన్నా అది వేరే రాష్ట్రం బండి కిందే లెక్క, నంబరు మీద ఏపీ అని ఉంది కదా అనుకుంటే కుదరదు. సీ బుక్కు పోయిందంటే పోలీస్ కంప్లయింట్ కాపీతో ఫారం 26 పెట్టి డూప్లికేట్ తీసుకోవాలి.

ఇంకో మాట, గవర్నమెంట్ పాత అంబులెన్స్ చవగ్గా వస్తుంది అని ఎవరన్నా చెబితే రెండుసార్లు ఆలోచించండి. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ బండ్లకి 15 ఏళ్లు దాటితే రిజిస్ట్రేషన్ రెన్యూవల్ లేదు, స్క్రాప్‌కే పోవాలి. అలాంటిది కొంటే పార్ట్స్‌కి పనికొస్తుంది, రోడ్డు మీదకి పనికిరాదు.

సరుకుల వ్యాన్‌కి ట్యాక్స్ బాకీ కూడా చూడాలి. క్వార్టర్లీ ట్యాక్స్ కట్టే బండిని షెడ్లో పడేసేటప్పుడు, తిప్పట్లేదు అని ముందుగా ఆఫీసులో రాసివ్వకపోతే అది తిరిగినట్టే లెక్కేసి ట్యాక్స్, పైన పెనాల్టీ పేరుస్తూ పోతారు. బేరం ఆడేటప్పుడే బాకీ ఎంతో తీయించి ఆ డబ్బు ధరలోంచి కోసుకోండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు.

వింటేజ్ రిజిస్ట్రేషన్ వస్తుందా

ఇది అందరూ ఆశపడే దారి. 2021 జూలైలో సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌కి సవరణ చేసి వింటేజ్ బండ్లకి వేరే పద్ధతి పెట్టారు. మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్లు దాటి ఉండాలి, ఒరిజినల్ రూపంలో ఉండాలి, చాసిస్ గానీ బాడీ షెల్ గానీ ఇంజన్ గానీ మార్చేసి ఉండకూడదు. పరివాహన్‌లో ఫారం 20 పెట్టాలి, దాంతో పాత ఆర్‌సీ, ఇన్సూరెన్స్, దిగుమతి బండి అయితే బిల్ ఆఫ్ ఎంట్రీ. కొత్తగా రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000, రీ-రిజిస్ట్రేషన్‌కి 5,000. రాష్ట్రంలో దీనికి ఒక నోడల్ ఆఫీసర్, ఒక కమిటీ ఉంటారు, కమిటీ బండి చూసి ఓకే అంటే 60 రోజుల్లో ఫారం 23ఏ మీద సర్టిఫికెట్ ఇవ్వాలి. అది 10 ఏళ్లు నడుస్తుంది. ఆల్రెడీ నంబరు ఉన్న బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు, కొత్తగా ఇచ్చేవాటికి రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అని వస్తుంది. అమ్మితే ఇద్దరూ 90 రోజుల్లో తెలపాలి.

వినడానికి బానే ఉంది కదా. కానీ రూల్‌లో ఉన్నది టూవీలర్లు, సొంత వాడకానికి ఉన్న ఎం1 కేటగిరీ ఫోర్‌వీలర్లు, అంటే డ్రైవర్ కాక ఎనిమిది సీట్లు దాటకుండా, మనుషులు కూర్చునే బండ్లు. మీ ఆర్‌సీలో గూడ్స్ క్యారేజ్ అని ఉంటే ఈ తలుపు దాదాపు మూసినట్టే, 20,000 కట్టేముందు నోడల్ ఆఫీసర్‌ని రాతపూర్వకంగా అడిగి జవాబు చేతిలో పెట్టుకోండి. పైగా వింటేజ్ బండి రోజూ తిప్పుకోవడానికి కాదు, ర్యాలీలు, ఎగ్జిబిషన్లు, రీసెర్చ్, పెట్రోల్ కొట్టించుకోవడం, రిపేరు, అంతవరకే. వారాంతం అరకు పోదాం అనుకునేవాడికి ఇది ఉపయోగపడదు. మోడిఫై చేయాలనే కోరిక, వింటేజ్ ప్లేటు, ఈ రెండూ ఒక ఒరలో ఇమడవు, ఏదో ఒకటి ఎంచుకోవాల్సిందే.

మామూలు దారి, అంటే రెన్యూవల్

సొంత వాడకం బండి అయితే 15 ఏళ్లు అయ్యాక ఫారం 25 మీద రెన్యూవల్, అక్కడినుంచి 5 ఏళ్లకోసారి. గడువు తీరడానికి 60 రోజుల ముందు నుంచీ పెట్టుకోవచ్చు. ఫీజు ఇప్పుడు తేలిక కాదు, 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన లైట్ మోటార్ వెహికల్‌కి 10,000 చేశారు, దిగుమతి ఫోర్‌వీలర్‌కి అయితే 80,000. దీని మీద రాష్ట్రం గ్రీన్ ట్యాక్స్ వేరే. గూడ్స్ వ్యాన్ అయితే రెన్యూవల్ బదులు ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఆ ఫీజులూ పాత బండ్లకి 2025లో బాగా పెంచారు. ఢిల్లీలో పాత డీజిల్ బండ్ల గొడవ వార్తల్లో చూసి ఇక్కడా అంతేనేమో అని భయపడుతుంటారు, అది అక్కడి చుట్టుపక్కల ప్రాంతం వరకే.

సరుకుల వ్యాన్‌ని సొంతానికి మార్చుకోవాలంటే, మన భాషలో ఎల్లో ప్లేటు తీసి వైట్ ప్లేటు వేయించుకోవాలంటే, కన్వర్షన్ అని వేరే అర్జీ ఉంటుంది. ట్యాక్స్ బాకీలు సున్నా చేసి, పర్మిట్ ఉంటే సరెండర్ చేసి, ట్యాక్స్ తేడా కట్టి, ఆ తర్వాత ఇన్‌స్పెక్షన్. మొత్తం బరువు 3,000 కిలోల లోపు గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదు కాబట్టి చిన్న వ్యాన్లకి ఆ ఒక్క తలనొప్పి తగ్గుతుంది.

ఆల్టరేషన్, అసలు తిరకాసు ఇక్కడే

మోటార్ వెహికల్స్ చట్టం సెక్షన్ 52 ఏం చెబుతుందంటే, కంపెనీ ఇచ్చిన వివరాలకి ఆర్‌సీ వివరాలు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు అని. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే గట్టిగా చెప్పింది. కాబట్టి కప్పు ఎత్తు పెంచడం, చాసిస్ కోసి పొడుగు చేయడం, వేరే కంపెనీ పెద్ద ఇంజన్ దించడం, ఇవి మీ మేస్త్రి ఎంత బాగా చేసినా ఆర్‌సీలోకి ఎక్కవు. ఎక్కని మార్పుతో దొరికితే సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 ఫైన్, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. దాన్ని మించింది ఇంకోటుంది, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాడు మొదట పట్టుకునేది ఆ మార్పునే.

మరి ఏవి నడుస్తాయి అంటే, రంగు మార్చుకోవచ్చు, ఆర్‌సీలో కలర్ ఎంట్రీ మార్పించుకుంటే చాలు. అదే మోడల్ అదే రకం ఇంజన్ పాతది పోయి వేరేది వేస్తే కొన్న బిల్లు, ఆ ఇంజన్ వచ్చిన బండి కాయితాల కాపీ చూపించి నంబరు ఎంట్రీ చేయించుకోవాలి, ఆటోనగర్‌లో కుప్పలోంచి ఏరుకొచ్చిన ఇంజన్‌కి బిల్లు లేకపోతే అక్కడే ఆగిపోతుంది. దివ్యాంగులు నడపడానికి వీలుగా మార్చుకోవడానికి చట్టంలోనే వెసులుబాటు ఉంది. ఎలక్ట్రిక్ కిట్ కూడా వేసుకోవచ్చు గానీ ఆ కిట్‌కి ఏఆర్ఏఐ, ఐక్యాట్ లాంటి టెస్టింగ్ ఏజెన్సీ అప్రూవల్ ఉండాలి, అది మీ మోడల్ బండికి వర్తించాలి, అప్రూవ్డ్ ఇన్‌స్టాలరే వేయాలి. మెటాడోర్‌కి అలా అప్రూవ్ అయిన కిట్ ఉందా అని సర్టిఫికెట్ అడగండి, కార్లకి ఉంది కదా దీనికీ సరిపోతుంది అంటే నమ్మకండి.

క్యాంపర్, అంటే లోపలే పడుకుని వండుకునేలా మార్చిన బండి సంగతికొస్తే, మోటార్ క్యారవాన్‌కి ఏఐఎస్-124 అని వేరే స్టాండర్డే ఉంది. గ్యాస్ స్టవ్, బెడ్లు, వైరింగ్, అన్నీ బండికి ఫిక్స్ చేసి ఉంటే దాన్ని బట్టే చూస్తారు, పాత బండికి ఒక్కదానికోసం అప్రూవల్ తెచ్చుకోవడం ఖర్చుతో కూడిన పని. అందుకే కాస్త తెలిసినవాళ్లు రేకు ముట్టుకోకుండా, సీట్ల లెక్క మార్చకుండా, లోపల విప్పి బయటపెట్టగలిగే సామానుతో సర్దుకుంటారు, మడత మంచం, పెట్టె, విడి బ్యాటరీ లైటు. నాకూ ఇదే తెలివైన పని అనిపిస్తుంది.

అర్జీ పెట్టే వరుస ఇలా ఉంటుంది. పని మొదలుపెట్టకముందే ఏం మారుస్తారో రాసి, బండి నాలుగు వైపుల ఫోటోలు, కిట్ లేదా ఇంజన్ కాయితాలు, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ పెట్టి ఆల్టరేషన్ సర్వీసులో అప్లై చేయాలి. ఫైనాన్స్ ఉంటే వాళ్ల నుంచి లెటర్ కూడా. పర్మిషన్ వచ్చాక పని చేయించాలి, పని అయ్యాక 14 రోజుల్లోపు ఆర్‌సీతో సహా ఆఫీసులో తెలిపి ఎంట్రీ చేయించుకోవాలి. ఏజెంటు అన్నీ నేను చూసుకుంటా అంటాడు, ఫీజు కట్టిన రసీదు, అప్లికేషన్ నంబరు మాత్రం మీ ఫోన్లోనే ఉండేలా చూసుకోండి.

ఇన్‌స్పెక్షన్ రోజు

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు చూసేది మీ పెయింటు మెరుపు కాదు, చాసిస్ నంబరు. ఫ్రేమ్ మీద పంచ్ కొట్టిన చోట కాయితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే నంబరు కాయితం మీదకి రావాలి. రీస్టోరేషన్‌లో పాడయ్యేది సరిగ్గా ఇదే, ఇసక బ్లాస్టింగ్‌లో అంకెలు అరిగిపోతాయి, లేదంటే మేస్త్రి తుప్పు గుంటలు పూడ్చేటప్పుడు పుట్టీ దానిమీద కూడా రాసేసి పైన రెండు కోట్లు కొట్టేస్తాడు, తర్వాత 3 ఉందో 8 ఉందో దేవుడికి తెలియాలి. షెడ్లోకి తోసేముందే నంబరు దగ్గర వైర్ బ్రష్‌తో మెల్లగా తుప్పు తీసి, పెన్సిల్ ప్రింట్లు రెండు మూడు తీసిపెట్టుకుని, ఫోటో కొట్టి, కాస్త గ్రీజు పూసి పైన మందంగా టేపు అంటించండి. పనంతా అయ్యేదాకా అది ఊడకూడదు అని మేస్త్రికి గట్టిగా చెప్పండి. ఆల్రెడీ తుప్పు తినేసి కనపడకపోతే సొంతంగా పంచ్ కొట్టించొద్దు, మంచి ఉద్దేశంతో చేసినా దొంగబండి అనుమానమే వస్తుంది, ఆఫీసులో అర్జీ పెట్టి వాళ్ల పర్మిషన్‌తోనే కొట్టించాలి.

మిగతావి లైట్లు, ఇండికేటర్లు, వైపర్, హారన్, హ్యాండ్ బ్రేక్, టైర్లు, పొగ. పాత మెటాడోర్‌కి పొగే పెద్ద పరీక్ష, వెళ్లేముందు డీజిల్ పంపు, ఇంజెక్టర్లు చూపించుకుని బండి బాగా వేడెక్కాక తీసుకెళ్లండి. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇలాంటి పాత బండ్లకి 6 నెలలకోసారి తీసుకోవాలి.

కొత్త ఎంట్రీతో ఆర్‌సీ చేతికొచ్చాక ఇన్సూరెన్స్ కంపెనీకి మార్పు సంగతి రాసి పాలసీలో ఎక్కించుకోండి. ఆర్టీఓ ఆఫీసులో మీ అర్జీ రిజెక్ట్ చేస్తే నోటిమాటగా కుదరదు అన్నారని వెనక్కి రావొద్దు, కారణం రాసిన ఆర్డరు అడిగి తీసుకోండి. ఆ ఆర్డరు అందినరోజు నుంచి 30 రోజుల్లోపు సెక్షన్ 57 కింద పై అధికారికి అప్పీలు పెట్టుకోవచ్చు, దాంతోపాటు మొదట తీసిన ఫోటోలు, పెన్సిల్ ప్రింట్లు, బిల్లుల కాపీలు జతచేయండి.