అమ్మేసిన బండి చలానా మీకే వస్తోందా? ఆర్‌సీ చిక్కులు, వాటికి విరుగుళ్లు

బండి తాళాలు చేతులు మారడానికి ఐదు నిమిషాలు చాలు. ఆర్‌సీలో, అంటే రిజిస్ట్రేషన్ పత్రంలో, పేరు మారాలంటే మాత్రం రవాణా శాఖ రికార్డులో ఎంట్రీ పడాలి. అది పడేదాకా బండి ఎవరి ఇంటి ముందు ఉన్నా, చట్టం లెక్కలో పాత యజమానిదే. ఫైలు ఆగిపోతే చాలామంది అప్లికేషన్‌లో తప్పు వెతుకుతారు. తప్పు తరచూ అంతకు ముందెప్పుడో వదిలేసిన పనిలో ఉంటుంది: తీరిపోయిన లోను, కట్టని చలానా, మార్చని ఫోన్ నంబరు. కింద చెప్పేదంతా తెలుగు రాష్ట్రాల్లో సొంత వాడకపు బైకులు, కార్ల సంగతి. ఆటోలు, లారీలు, టాక్సీల లెక్క వేరు.

"బండి అమ్మి ఏడాదైంది, చలాన్లు ఇంకా నాకే వస్తున్నాయి"

అన్నిటికన్నా ఎక్కువ వినబడే ఫిర్యాదు ఇదే. ఇందులో నా అనుభవం కూడా ఉంది. పాత స్కూటర్‌ని ఒక మధ్యవర్తి ద్వారా అమ్మి, ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టిచ్చి, డబ్బు జేబులో వేసుకుని వచ్చేశాను. హెల్మెట్ లేకుండా ఎవరో దాని మీద తిరుగుతున్న ఫొటో కొన్ని నెలల తర్వాత నా ఫోన్‌కి వచ్చింది. ఆ మనిషి ఎవరో నాకు తెలియదు.

కారణం: అమ్మినవాళ్లు ఫారం 29 (అమ్మకం తెలియజేసేది), ఫారం 30 (పేరు మార్పు అడిగేది) మీద సంతకం పెట్టి ఇచ్చేస్తారు. కొన్నాయన వాటిని బీరువాలో పెట్టుకుంటాడు, లేదా పేరు మార్పు ఖర్చు ఎందుకని అవే కాగితాలతో ఇంకొకరికి అమ్మేస్తాడు. బండి మూడు చేతులు మారినా రికార్డులో పేరు మీదే.

చలానాతో పోతే పర్వాలేదు. ప్రమాదం జరిగితే? ఆర్‌సీలో పేరున్నవాడే యజమాని, నష్టపరిహారం బాధ్యత కూడా అతనిదే అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ కేసులో కూడా బండి అప్పటికే చాలా చేతులు మారింది.

ఏం చేయాలి: ముందు మీ రాష్ట్ర రవాణా శాఖ పోర్టల్‌లో గానీ కేంద్ర రవాణా శాఖ యాప్ ఎంపరివాహన్‌లో గానీ నంబరు కొట్టి, రికార్డులో ఇంకా మీ పేరే ఉందో లేదో చూడండి. ఉంటే కొన్నవాళ్ల కోసం ఎదురు చూడొద్దు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 50వ సెక్షన్ ప్రకారం, అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో ఆ సంగతి ఆర్టీఏ (రవాణా శాఖ) ఆఫీసుకు తెలియజేయాల్సింది అమ్మినవాళ్లే. ఫారం 29 ఉన్నది అందుకే. గడువు దాటినా సరే ఇప్పుడైనా ఇవ్వండి. దానితో పాటు అమ్మకం రసీదు, కొన్నవాళ్ల ఆధార్ కాపీ, బండి అప్పగించిన తేదీ, సమయం రాసిన కాగితం జతచేసి, ఆఫీసు ముద్ర వేసిన నకలు తెచ్చుకోండి. కొన్న మనిషి ఫోన్ ఎత్తకపోతే పోలీస్ స్టేషన్‌లో కూడా రాతపూర్వకంగా ఇచ్చి ఉంచడం మంచిది. ఇంతమాత్రాన పేరు మారిపోదు, కానీ రేపు ఏదైనా జరిగితే మీ చేతిలో ఒక తేదీ ఉంటుంది.

ఇంకా అమ్మనివాళ్లకు ఒక్క మాట. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టకండి. కొంత డబ్బు పట్టి ఉంచి, ఆన్‌లైన్‌లో అప్లికేషన్ పడ్డాక తీసుకోవడం కాస్త మొండితనంగా కనిపించినా పనిచేస్తుంది. పాత బండ్ల డీలర్‌కు ఇస్తుంటే అతనికి రవాణా శాఖ ఇచ్చిన అధికార పత్రం ఉందో లేదో అడగండి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం, అలాంటి డీలర్‌కు బండి అప్పగించినట్టు పోర్టల్‌లో నమోదు చేస్తే అప్పటినుంచి బాధ్యత అతని మీదకు వెళ్తుంది.

"లోను ఎప్పుడో తీరింది, అయినా ట్రాన్స్‌ఫర్ ముందుకెళ్లడం లేదు"

లోను తీరిపోవడం, ఆర్‌సీలో బ్యాంకు పేరు పోవడం రెండూ ఒకటి కావు. చివరి ఈఎంఐ కట్టగానే బ్యాంకు వాళ్లే అంతా చూసుకుంటారని అనుకుంటాం. రికార్డులో హెచ్‌పీ, అంటే బండి లోను కింద ఉందన్న ఎంట్రీ, అలాగే ఉండిపోతుంది. బ్యాంకు నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), వాళ్ల సంతకం ముద్రలతో ఫారం 35 తీసుకుని, హెచ్‌పీ తొలగింపుకు విడిగా దరఖాస్తు పెట్టండి. బ్యాంకు ఎన్‌వోసీ మీద గడువు తేదీ ఉంటే చూసుకోండి. అది దాటితే మళ్లీ బ్యాంకు చుట్టూ తిరగాలి. ఫైనాన్స్ కంపెనీ వేరేదానిలో కలిసిపోయి ఉంటే, ఇప్పుడున్న సంస్థ లెటర్‌హెడ్ మీద కాగితం కావాలి.

"ఓటీపీ పాత ఓనర్‌కి వెళ్తోంది"

ఓటీపీ వెళ్లేది రికార్డులో ఉన్న నంబరుకే. అది పదేళ్ల కిందటి సిమ్ కావచ్చు, షోరూం వాళ్లు తొందరలో వేసిన సొంత నంబరు కూడా కావచ్చు. అమ్మినాయన అందుబాటులో ఉంటే సులువే. చాసిస్, ఇంజిన్ నంబర్ల వివరాలిచ్చి ముందు మొబైల్ నంబరు అప్‌డేట్ చేయించి, ఆ తర్వాత ట్రాన్స్‌ఫర్ పెట్టండి. ఆయన దొరక్కపోతే ఆన్‌లైన్ దారి మూసుకుపోయినట్టే. ఉన్న కాగితాలన్నీ పట్టుకుని ఆఫీసుకు వెళ్లి రాతపూర్వకంగా అడగాలి. ఆయన సంతకం మనమే గీసేద్దామని సలహా ఇచ్చేవాళ్లు గేటు బయటే దొరుకుతారు. అది ఫోర్జరీ.

కొన్నవాళ్లు మరిచిపోయే పని ఇంకొకటి ఉంది. 14 రోజుల్లో ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి పాలసీని మీ పేరు మీదకు మార్పించుకోవాలి. థర్డ్ పార్టీ రక్షణ బండితో పాటే వస్తుంది. మీ బండికి జరిగిన నష్టం అడగబోతే మాత్రం పాలసీ మీద పేరు చూస్తారు. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ ఆయనదే, మీకు రాదు.

"నంబరు ప్లేటు మీద ఏపీ అనే ఉంది, ఏపీలో అమ్మడానికి ఎన్‌వోసీ ఎందుకు?"

రాష్ట్ర విభజన మిగిల్చిన తికమక ఇది. 2014 జూన్ 2కు ముందు హైదరాబాద్‌లో రిజిస్టరైన ఏపీ 09 బండి రికార్డు ఇప్పుడు తెలంగాణలో ఉంటుంది. దాన్ని విజయవాడలో అమ్మితే వేరే రాష్ట్రానికి వెళ్లినట్టే లెక్క. టీఎస్ నంబరున్నవాళ్లకు ప్లేటు టీజీకి మార్చుకోవాలేమో అన్న బెంగ అక్కర్లేదు. 2024 మార్చిలో వచ్చిన టీజీ కోడ్ కొత్త బండ్లకే, టీఎస్ ప్లేట్లు చెల్లుతాయి.

వేరే రాష్ట్రానికి వెళ్తే ఫారం 28తో పాత ఆఫీసు నుంచి ఎన్‌వోసీ తీసుకోవాలి. చలాన్లు, టాక్స్ బాకీ మిగిలితే అది రాదు, హెచ్‌పీ ఉంటే బ్యాంకు సమ్మతి కావాలి. ఎన్‌వోసీలో ఏ ఆఫీసు పేరు రాయించారో అక్కడికే వెళ్లాలి కాబట్టి, ఎక్కడ ఉండబోతున్నారో తేల్చుకున్నాకే దరఖాస్తు పెట్టండి. బండి అమ్మకుండా మీరే మారినా, కొత్త రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచుకుంటే అక్కడి నంబరు తీసుకోవాల్సిందే. జేబుకి చిల్లు పడేది లైఫ్ టాక్స్ దగ్గర. బండి వయసును బట్టి కొత్త రాష్ట్రంలో మళ్లీ కట్టి, పాత రాష్ట్రంలో మిగిలిన కాలానికి రీఫండ్ అడగాలి. కొత్త ఆర్‌సీ కాపీ లేకుండా రీఫండ్ కదలదు.

"నాన్నగారి పేరు మీద బండి ఉంది, ఆయన పోయారు"

ఇంట్లో బండి వాడుకుంటూనే ఉంటారు, ఆర్‌సీ సంగతి ఎవరికీ గుర్తుకురాదు. ఇన్సూరెన్స్ రెన్యువల్ అప్పుడో, అమ్మబోయినప్పుడో బయటపడుతుంది. మరణం సంగతి 30 రోజుల్లో తెలియజేసి, మూడు నెలల్లోగా ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాలని నియమం. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల సమ్మతి అఫిడవిట్ సిద్ధం చేసుకోండి. ఆలస్యం అయ్యేది ఎక్కువగా ఆ సమ్మతి దగ్గరే. 2021 నుంచి ఆర్‌సీలో నామినీని చేర్చుకునే వీలు వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ల పేరు మీద బండి ఉంటే ఇవాళే ఆ పని చేయించండి.

"15 ఏళ్లు నిండాయి, ఇక బండి తుక్కుకేనా?"

కాదు. 15 ఏళ్లకే పక్కన పెట్టేయాలన్న నియమం 2023 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ వాహనాలకు ఉంది. పాత బండ్లను రోడ్డెక్కనివ్వకూడదంటూ వచ్చిన ఢిల్లీ పరిసరాల ఆదేశాలు అక్కడివే. మన సొంత బండికి తనిఖీలో పాసైతే మరో ఐదేళ్లు రెన్యువల్ ఇస్తారు. గడువుకు 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు పెట్టవచ్చు. కేంద్రం నిర్ణయించిన రుసుము 15 ఏళ్లు దాటిన బైకుకు 1,000, కారుకు 5,000 రూపాయలు. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటినవాటికి ఇది 2,000, 10,000 అయింది. ఆలస్యానికి నెలకు బైకుకు 300, కారుకు 500 చొప్పున అదనం. గ్రీన్ టాక్స్ వేరే.

తనిఖీలో ఫెయిలైతే ముందు మనం చేయించిన సోకులు చూసుకోండి. మోత మోగే సైలెన్సర్, ఆర్‌సీలో రాసి ఉన్నదానికి భిన్నమైన రంగు, తుప్పు పట్టి కనబడని చాసిస్ నంబరు. చాసిస్ నంబరు ఉన్న చోట ముందురోజే కిరోసిన్ గుడ్డతో తుడిచి వెళ్తే బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కీ మీకూ ప్రాణం సుఖం.

"టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) గడువు అయిపోతోంది, పర్మనెంట్ నంబరు రాలేదు"

షోరూంని అడగండి, ఆర్టీఏని కాదు. ఇన్వాయిస్, ఇన్సూరెన్స్, ఆధార్‌లలో పేరు అక్షరాలు ఒకేలా లేకపోవడం, షోరూం వాళ్లు కాగితాలు అప్‌లోడ్ చేయకపోవడం, ఫ్యాన్సీ నంబరు బుక్ చేసి వేలం కోసం ఆగడం: ఈ మూడింటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది.

"అప్రూవ్ అయింది, కార్డు మాత్రం ఇంటికి రాలేదు"

అప్లికేషన్ నంబరుతో స్టేటస్ చూస్తే పోస్టులో వేశారా లేదా అన్నది తెలుస్తుంది. ఇంటికి తాళం ఉండి తిరిగి వెళ్లిపోయి ఉంటే గుర్తింపు కార్డుతో ఆఫీసులో అడగండి. ఈలోగా రోడ్డు మీద ఆపితే డిజీలాకర్‌లో గానీ ఎంపరివాహన్‌లో గానీ ఉన్న ఆర్‌సీ చూపించండి, చెల్లుతుంది. ఫోన్‌లో తీసి పెట్టుకున్న ఫొటో మాత్రం చెల్లదు.