పాత ల్యాప్‌టాప్ ఇంట్లో వదిలి రాకండి, ఇక్కడ రెండో స్క్రీన్ అవుతుంది

మిర్యాలగూడ, సూర్యాపేట, వనపర్తి, గద్వాల వైపు నుంచి ఎంఎస్‌కని అమెరికా వస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు రాస్తున్నాను. పచ్చళ్లు, సకినాలు ఎట్లాగూ సర్దుతారు, అమ్మ ఊరుకోదు కదా. నేను చెప్పేది బీటెక్ అంతా వాడిన ఆ పాత ల్యాప్‌టాప్ గురించి. కొత్తది కొనగానే పాతది ఇంట్లో పడేసి రావడం మనవైపు మామూలే. చెల్లెలికో తమ్ముడికో చదువుకు కావాలంటే ఇచ్చేయండి. అల్మారాలో దుమ్ము పట్టేదైతే మాత్రం వెంట తెచ్చుకోండి.

మొదటి సెమిస్టర్‌లో ఒక పక్క లెక్చర్ పీడీఎఫ్, ఇంకో పక్క కోడ్ తెరిచి పెట్టుకోవాల్సి వస్తుంది. మానిటర్ కొందామంటే మొదటి నెలల్లో రూమే స్థిరంగా ఉండదు, కారు ఉండదు, ఇల్లు మారిన ప్రతిసారీ దాన్ని మోయాలి. ఒకచోట కుదురుకున్నాక సెకండ్‌హ్యాండ్‌ది చూసి కొనుక్కోండి, నిజానికి అదే మేలు. అప్పటిదాకా పాత ల్యాప్‌టాప్ చాలు.

బ్యాటరీలు లిథియంవి కాబట్టి రెండు ల్యాప్‌టాప్‌లూ క్యాబిన్ బ్యాగులోనే పెట్టుకోండి. ఛార్జర్ డబ్బా మీద 100-240 వోల్టులు అని ఉంటే ఇక్కడి 120 వోల్టులకు అదే పనిచేస్తుంది. పిన్ను మార్చే చిన్న అడాప్టర్ ఉంటే సరి, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు.

ఇక అసలు సంగతి. అందరూ ముందుగా చేసే పని రెండు ల్యాప్‌టాప్‌ల మధ్య హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి చూడటం. తెర నల్లగానే ఉంటుంది. ల్యాప్‌టాప్‌లలో దాదాపు అన్నిటికీ ఆ పోర్టు బొమ్మను బయటికి పంపేదే, లోపలికి తీసుకునేది కాదు. రెండు బోర్ల డెలివరీ పైపులు ఎదురెదురుగా బిగిస్తే తొట్టి నిండుతుందా? ఖరీదైన కేబుల్ కొన్నా అంతే. కాబట్టి బొమ్మ నెట్‌వర్క్ మీదుగా వెళ్లాలి.

రెండూ విండోస్ 10 లేదా 11 అయితే బయటి సాఫ్ట్‌వేర్ ఏదీ లేకుండానే పనవుతుంది. పాతదానిలో సెట్టింగ్స్‌కు వెళ్లి, ఆప్షనల్ ఫీచర్స్‌లో వైర్‌లెస్ డిస్‌ప్లే అనేదాన్ని యాడ్ చేయండి. తర్వాత సిస్టమ్ కింద ప్రొజెక్టింగ్ టు దిస్ పీసీ తెరిచి అనుమతి ఇవ్వండి, పిన్ అడిగేలా పెట్టండి. హాస్టల్లోనో అపార్ట్‌మెంట్‌లోనో పక్క గదివాళ్ల జాబితాలో కూడా మీ మిషన్ పేరు కనిపిస్తుంది. పిన్ లేకపోతే వాళ్ల సినిమా మీ తెర మీదికి రావచ్చు. కొత్తదానిలో విండోస్ మీటతో కె నొక్కి పాతదాని పేరు ఎంచుకోండి. కలిశాక విండోస్ మీటతో పి నొక్కి ఎక్స్‌టెండ్ పెట్టండి. డూప్లికేట్‌లోనే వదిలేస్తే ఒకే బొమ్మ రెండు చోట్ల కనిపిస్తుంది, ఏం లాభం?

దీని వెనక ఉన్నది మిరాకాస్ట్, అంటే తెర మీది బొమ్మను వైర్ లేకుండా పంపే పద్ధతి. రెండు మిషన్లు వైఫై డైరెక్ట్ ద్వారా నేరుగా మాట్లాడుకుంటాయి, మధ్యలో రౌటర్ అక్కర్లేదు. యూనివర్సిటీ వైఫైలో ఒకరి పరికరం ఇంకొకరికి కనిపించకుండా అడ్డు పెట్టి ఉంచడం మామూలే, అక్కడ ఇదే కలిసొస్తుంది. కొన్ని పాత మిషన్లకు ఇది రాదు. విండోస్ మీటతో ఆర్ నొక్కితే వచ్చే రన్ బాక్స్‌లో డీఎక్స్‌డయాగ్ (dxdiag) అని కొట్టి తెరిచి, వివరాలు ఫైలుగా సేవ్ చేస్తే అందులో మిరాకాస్ట్ అనే వరుస ఉంటుంది, అక్కడ ఉందో లేదో తెలిసిపోతుంది. ఈ పరీక్ష ఊళ్లో ఇంట్లో కూర్చునే చేసుకోండి. ఇక్కడికొచ్చాక పరేషాన్ ఉండదు.

మిరాకాస్ట్ రాకపోతే, ఇదే పని చేసే స్పేస్‌డెస్క్ అనే బయటి సాఫ్ట్‌వేర్ ఉంది. కొత్తదానిలో దాని డ్రైవర్, పాతదానిలో వ్యూయర్ వేయాలి. రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి కాబట్టి క్యాంపస్ వైఫైలో మొండికేస్తుంది. అప్పుడు మామూలు ఈథర్నెట్ కేబుల్‌తో రెండింటినీ నేరుగా కలపండి. ఇట్లా నేరుగా కలపడానికి ఒకప్పుడు వాడిన క్రాసోవర్ కేబుల్ ఇప్పటి మిషన్లకు అక్కర్లేదు. వైఫై కన్నా ఇదే నిలకడగా ఉంటుంది. అప్పటికీ కనిపించకపోతే ఫైర్‌వాల్ చూడండి, నెట్‌వర్క్ పబ్లిక్‌గా ఉంటే ప్రైవేట్‌కు మార్చండి. బయటి వైఫైలో మాత్రం అట్లా మార్చవద్దు.

కలిశాక డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1, 2 అని రెండు పెట్టెలు కనిపిస్తాయి. టేబుల్ మీద పాతది ఎడమ పక్కన ఉంటే 2ను ఎడమకే లాగి పెట్టండి. లేకపోతే మౌస్ ఎటు పోయిందో వెతుక్కోవాలి. పాతదాని తెర 1366×768 అయితే ఎక్కువ ఆశించకండి. పీడీఎఫ్, మెయిల్, జాబ్ డిస్క్రిప్షన్ లాంటి కదలనివి దాని మీద, టైపింగ్, వీడియో కొత్తదాని మీద. బొమ్మ కొంచెం ఆలస్యంగా వస్తుంది, టైప్ చేస్తుంటే చికాకేస్తుంది. పాతదానికి ఛార్జర్ పెట్టే ఉంచి స్లీప్ ఆపేయండి.

మ్యాక్ వాళ్లకు ఇంకా తేలిక. మాక్‌ఓఎస్ మాంటెరే, అంటే 2021 నుంచి, ఎయిర్‌ప్లేతో ఒక మ్యాక్‌ను ఇంకో మ్యాక్‌కు తెరగా వాడొచ్చు, రెండూ మరీ పాతవి కాకపోతే. ఐప్యాడ్ ఉంటే, దాన్నే మ్యాక్‌కు రెండో తెరగా మార్చే సైడ్‌కార్ ఉంది.

ఇంటర్న్‌షిప్‌లో ఆఫీసు ల్యాప్‌టాప్ ఇస్తే ఇవేవీ ఐటీ వాళ్లను అడగకుండా చేయవద్దు. డ్రైవర్ వేయడమే కాదు, ఆఫీసు స్క్రీన్‌ను సొంత మిషన్ మీద చూపించడం కూడా కొన్ని కంపెనీల్లో కుదరదు.

ఆన్‌లైన్ పరీక్ష ఉన్న రోజు మాత్రం మరీ జాగ్రత్త. పరీక్ష రాసేవాళ్ల మీద కన్నేసి ఉంచే ప్రాక్టరింగ్ సాఫ్ట్‌వేర్లు రెండో మానిటర్ కోసం వెతుకుతాయి, వర్చువల్ డిస్‌ప్లే డ్రైవర్ కనిపించినా కొన్ని పరీక్ష మొదలుపెట్టనివ్వవు. ముందు రోజే డిస్‌కనెక్ట్ చేసి, స్పేస్‌డెస్క్ తీసేసి, రీస్టార్ట్ చేసి, వాళ్లిచ్చే సిస్టమ్ చెక్ నడిపించి చూసుకోండి. పాత ల్యాప్‌టాప్‌ను మూసేసి వేరే గదిలో పెట్టండి. టేబుల్ మీద ఉంటే కెమెరాలో గది చూపించమన్నప్పుడు దాని గురించి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.