కాలువ గట్టు మీద లేసు డిజైన్లు ఎలా వెతకాలి

కొత్త డిజైను కోసం బయటికి వెళ్ళేవాళ్ళకి నేను మొదట చెప్పేది, సూర్యోదయం చూడ్డానికి వెళ్ళొద్దని. గోదావరి మీద పొద్దు, రేవులో పడవ, నీళ్ళ మీదకి వంగిన కొబ్బరిచెట్టు బాగుండవని కాదు. క్యాలెండర్లవాళ్ళూ పెళ్ళి వీడియోలవాళ్ళూ వాటిని ఇప్పటికే పిండేశారు. అవి చూసి "అబ్బ, ఎంత బాగుందో" అనుకుని ఇంటికొచ్చి సూది పట్టుకుంటే ఒక్క వరస కూడా కదలదు.

మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. కొక్కెం సూదితో దారం అల్లే ఈ లేసు పని 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల చేతుల మీదుగా మా ఆడవాళ్ళకి వచ్చింది. 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకేనన్న భౌగోళిక గుర్తింపు, కూడా దక్కింది. విడి పువ్వులు అల్లే చేతిపనితో మొదలుపెట్టి, వాటిని కలిపి టేబుల్ క్లాత్ చేసే అతుకుపనికి వెళ్ళి, ఇప్పుడు డిజైన్లు వేస్తున్నాను. ఆర్డర్లు ఇచ్చేవాళ్ళు ఇప్పటికీ పాత కేటలాగు తీసి అదే గులాబీ, అదే ద్రాక్షగుత్తి అల్లమంటారు. మన వైపు ద్రాక్షతోట ఎక్కడుందండీ? పెరట్లో అరటి ఉంది, కాలువలో గుర్రపుడెక్క ఉంది. వాటిని చూడ్డం ఎలాగో చెబుతాను.

ఏ వస్తువు కనబడినా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఎక్కడ మొదలైంది? ఎలా పెరిగింది? ఎక్కడ ఆగింది? లేసు కూడా మధ్యలో ఒక చిన్న చుట్టుతో మొదలై, వరసవరసకీ పెరిగి, అంచు దగ్గర ఆగుతుంది. ఈ మూడింటికీ జవాబు దొరికిన వస్తువు దేన్నయినా అల్లొచ్చు. బొమ్మలు వేసేవాళ్ళకీ చీరల మీద అద్దకం వేసేవాళ్ళకీ ఇదే పనికొస్తుంది. కవితలు రాసేవాళ్ళు మాత్రం ఇంకో ప్రశ్న కలుపుకోవాలేమో: ఇది ఏం చేస్తోంది? "గుర్రపుడెక్క పూసింది" అని రాయడం ఎవరికైనా వస్తుంది. అది కాలువకి అడ్డం పడి పడవని ఆపేసిందని రాస్తే నేను చదువుతాను.

వెళ్ళేటప్పుడు రూళ్ళు లేని నోటుపుస్తకం, పెన్సిలు, కొత్త బ్లేడు, స్టాంపు వేసే ఇంకు ప్యాడు చాలు. ఫోను ఉంటే కెమెరాని నలుపు తెలుపులో పెట్టండి. మా దారం తెల్లది. పువ్వు రంగు మనల్ని ఎంత మురిపించినా లేసులోకి రాదు. రంగు తీసేశాక కూడా ఆ పువ్వు నిలబడిందంటే అది మనకి పనికొచ్చేదే. మందారం చాలాసార్లు ఈ పరీక్షలో ఓడిపోతుంది. కాకరతీగ గెలుస్తుంది.

వేళ ముఖ్యం. ఎండ పక్కనుంచి పడాలి, అంటే పొద్దున్నే గానీ సాయంత్రం గానీ. నడినెత్తిన ఎండ ఉంటే ఆకు మీద ఈనెలు కనబడవు. ధనుర్మాసంలో అయితే ఇంకా తొందరగా లేవండి. మంచు పడ్డ రోజుల్లో చేలగట్ల మీద సాలెగూళ్ళన్నీ తేలుతాయి. మిగతా నెలల్లోనూ అవి అక్కడే ఉంటాయి గానీ మన కంటికి ఆనవు. సాలీడు మధ్యనుంచి పుల్లలు వేసినట్టు దారాలు లాగి, తర్వాత వాటిమీద చుట్టూ తిరుగుతుంది. రెండు దారాల మధ్య సాగిన వంపు చూడండి. మనం అంచుకి వేసే గొలుసు కూడా అంతే వదులుగా ఉండాలి, బిగించి కడితే లేసు ముడుచుకుపోతుంది.

లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి. నందివర్ధనం ఒంటిరెక్కది అయితే రెక్కలు ఐదు, అన్నీ ఒకే వైపుకి తిరిగి ఉంటాయి. గన్నేరుకీ ఐదే. గుర్రపుడెక్క పువ్వుకి ఆరు, పై రెక్క మీద పసుపు చుక్క. ఈ ఐదూ ఆరూ గొడవ అతుకుపని చేసేవాళ్ళకి బాగా తెలుసు. ఆరు మూలల ముక్కలు పక్కపక్కన సందు లేకుండా కూర్చుంటాయి, తేనెపట్టు గదుల్లాగా. నాలుగు మూలలవీ కూర్చుంటాయి. ఐదు మూలలవి ఎలా పేర్చినా మధ్యలో సందులు వస్తాయి. అందుకని నందివర్ధనం నచ్చితే దాన్ని అంచుకి వాడండి, లేదా ఆ సందుల్లోకి చిన్న ముక్క వేరే తయారుచేసుకోండి. ఈ లెక్క ముందే చూసుకోకుండా రెండొందల పువ్వులు అల్లించేస్తే అతికే అమ్మాయి మిమ్మల్ని తిట్టుకుంటుంది, న్యాయంగానే.

పొగడపువ్వు సంగతి వేరు. రాలినప్పుడే మధ్యలో కన్నంతో రాలుతుంది. పిల్లలు ముడి వెయ్యకుండా దారానికి గుచ్చేసుకుంటారు. అంత చిన్న పువ్వులో అన్ని రెక్కలు ఎలా ఇమిడాయో చూడ్డానికి భూతద్దం పట్టుకెళ్ళినా తప్పులేదు.

గుండ్రంగా అల్లేటప్పుడు వరసకి ఎన్ని కుట్లు పెంచాలన్నది మా పనిలో సగం. పొట్టి కుట్టు అయితే వరసకి 6 చొప్పున, సూదికి ఒకసారి దారం చుట్టి తీసే పొడుగు కుట్టు అయితే 12 చొప్పున పెంచితే దాదాపు చదునుగా పరుచుకుంటుంది. తక్కువ పెంచితే గిన్నెలా లేస్తుంది. ఎక్కువ పెంచితే అంచు కుచ్చిళ్ళు పోతుంది. ఇది పుస్తకంలో చదివితే బుర్రకెక్కదు. ఉమ్మెత్తపువ్వు, నీళ్ళ మీద పరుచుకున్న కలువాకు, కోడిజుట్టు పువ్వు, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. ఉమ్మెత్త గిన్నె అయింది, కలువాకు చదునుగా ఉంది, కోడిజుట్టులో అంచు ఎక్కువ పెరిగిపోయి మడతలు పడింది. విసురువల అల్లేవాళ్ళని అడిగినా ఇదే లెక్క చెబుతారు. వాళ్ళు పైన కొద్ది కన్నులతో మొదలుపెట్టి కిందికి వచ్చేకొద్దీ పెంచుకుంటూ పోతారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైనది, అరటి. గెల కొట్టేశాక బోదె నరికి గట్టు మీద పడేస్తారు కదా, అక్కడికి వెళ్ళండి. అరటితోటలున్న రావులపాలెం వైపు అయితే వెతుక్కోనక్కర్లేదు. ఒక డొప్ప ఊడదీసి బ్లేడుతో అడ్డంగా, ఒక్క ఊపులో కొయ్యండి. వంకర చందమామలాంటి ముక్క వస్తుంది, లోపల వరసగా గాలి గదులు, వాటి మధ్య పల్చటి గోడలు. కాసేపు నీరు కారనిచ్చి, గుడ్డతో అద్ది, ఇంకు ప్యాడు మీద నొక్కి కాగితం మీద అచ్చు వెయ్యండి. బయటి డొప్పకీ లోపలి డొప్పకీ అచ్చు వేరేగా వస్తుంది. బోదె మొత్తం అడ్డంగా కోసి అచ్చు వేస్తే డొప్ప మీద డొప్ప చుట్టుకున్న తీరంతా ఒక్క బొమ్మలో దొరుకుతుంది. పాత చీర కట్టుకుని వెళ్ళండి, అరటి పాలు అంటితే ఆ మరక ఇక పోదు. గుర్రపుడెక్క ఉబ్బిన కాడని కోసినా, తామరతూడుని కోసినా ఇలాగే గదులుంటాయి. తామరవి గుండ్రం, గుర్రపుడెక్కవి మరీ సన్నం. చెట్టు కూడా గాలిని మధ్యలో పెట్టుకుని చుట్టూ గోడ కట్టింది, మేమూ రోజంతా చేసేది అదే.

లేసులో అల్లినదాని కంటే వదిలేసిన ఖాళీయే ఎక్కువ కనబడుతుంది. అందుకని ఖాళీలు చూడ్డం నేర్చుకోవాలి. కొబ్బరిమట్ట మొదట్లో ఉండే పన్నాడ తెచ్చుకోండి. ఒక వరస పీచు ఇటు, ఇంకో వరస అటు, ముడి లేకుండా గుడ్డలా నిలబడుతుంది. రావి ఆకులు కొన్ని బకెట్లో నానేసి కొన్ని వారాలు వదిలేస్తే పచ్చదనం కుళ్ళిపోతుంది. మెత్తటి బ్రష్షుతో నీళ్ళ కింద పట్టి కడిగితే ఈనెల వల ఒక్కటే మిగులుతుంది. కంపు కొడుతుంది, బకెట్టు ఇంట్లోవాళ్ళకి దూరంగా పెట్టుకోండి. మా అత్తగారు నా బకెట్టుని పశువులపాక వెనక్కి పంపించేశారు.

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు, పంట తీసి ఎండబెట్టిన రొయ్యల చెరువుల్లో, నెర్రెలు చూడండి. మొదటిసారి ఎండిన బురదలో ఒక నెర్రె ఇంకోదాన్ని అడ్డంగా గుద్దుకున్నట్టు కలుస్తుంది. తడిసి ఎండి, మళ్ళీ తడిసి ఎండిన చోట మూడు నెర్రెలు ఒక చోట కలిసే కూడళ్ళు ఎక్కువవుతాయి. పువ్వుల మధ్య ఖాళీ నింపే జాలీకి ఈ రెండో రకం ఎంత బాగుంటుందో చెప్పలేను. చెరువు ఎవరిదో వాళ్ళని అడిగి దిగండి. పైన గట్టిగా కనబడ్డా కింద బురద మోకాలి దాకా లాగేస్తుంది.

సముద్రానికి వెళ్తే పేరుపాలెం గానీ, నరసాపురంలో పంటు (నది దాటించే పెద్ద పడవ) ఎక్కి సఖినేటిపల్లి దిగి అంతర్వేది గానీ వెళ్ళండి. అంతర్వేదిలో గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోటుని జనం ఫొటోలు తీస్తుంటారు. మీరు తల దించుకుని ఇసుక చూడండి. ఆటు వచ్చి నీరు వెనక్కి పోయిన తడి ఇసుక మీద గోరంత పీతలు బొరియల్లోంచి వస్తాయి. ఇసుకని నోట్లో వేసుకుని అందులో తిండి తీసుకుని, మిగిలిన ఇసుకని చిన్న ఉండలు చేసి వదిలేస్తాయి. బొరియ చుట్టూ ఆ ఉండలు వరసలు వరసలుగా పరుచుకుంటాయి. మధ్యలో బొరియకి దారి మాత్రం పీత ఖాళీగా ఉంచుకుంటుంది, ఏదైనా వస్తే పారిపోవడానికి. ఆ ఒక్క ఖాళీ గీతే ఆ డిజైనుకి ప్రాణం. నాలాంటిది గీస్తే అన్ని వైపులా సమానంగా నింపేసి చంపేస్తుంది. పోటు రాగానే అంతా చెరిగిపోతుంది కాబట్టి ఇక్కడ మాత్రం ముందు ఫొటో తీసి తర్వాత గియ్యండి. నది కలిసే దగ్గర మాత్రం నీళ్ళల్లోకి దిగొద్దు, లాగుడు కనబడదు.

కోరింగ మడ అడవి కాకినాడ నుంచి దగ్గరే. చెక్కల వంతెన మీద నడుస్తూ బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన మడ వేళ్ళు చూడొచ్చు. బురదలో గాలి ఆడదు కాబట్టి వేళ్ళు పైకొచ్చి ఊపిరి పీల్చుకుంటాయి. అంచు డిజైనుకి పనికొస్తాయి. సెలవురోజుల్లో మాత్రం వెళ్ళకండి, జనం నిలబడనివ్వరు.

వానలు పడ్డాక గిజిగాడు గూళ్ళు వెతకండి, తాడిచెట్లకీ ఈతచెట్లకీ కాలువ మీదకి వేలాడుతుంటాయి. మగపిట్ట వరి ఆకునో కొబ్బరి ఆకునో సన్నగా చీల్చుకొచ్చి ముందు ఒక చట్రం కడుతుంది, దానికి ఒక గది చేస్తుంది, అక్కడితో ఆపి ఆడపిట్ట కోసం ఎదురుచూస్తుంది. నచ్చితే మిగతా గొట్టం అల్లుతుంది, లేకపోతే ఇంకోటి మొదలు. శాంపిల్ చూపించి ఆర్డరు కోసం కూర్చోవడం అన్నమాట, మాకు కొత్త కాదు. గూడు కొయ్యకండి. సీజను అయ్యాక గాలికి రాలినవి చెట్టు కిందే దొరుకుతాయి. ఒకటి తెచ్చి పోగు పోగుగా విప్పండి. ఎక్కడ లూపు వేసింది, ఎక్కడ వెనక్కి తిప్పి లోపలికి దోపింది, చేత్తో తెలుస్తుంది. దారం కొస దాచడం నేను దాన్ని చూసి మార్చుకున్నాను.

ఇక పుస్తకంలోంచి సూదికి రావడం. మధ్యలో ముగ్గు మెట్టు ఒకటి పెట్టుకోండి, నేరుగా అల్లడానికి కూర్చోవద్దు. గీసిన బొమ్మని చుక్కల ముగ్గుగా మార్చి వాకిట్లో వేసి చూడండి. చుక్కల మీదకి రానివి ఊడిపోతాయి, ఊడిపోనివ్వండి. నిలబడి పైనుంచి చూస్తే ఎక్కడ బరువెక్కిందో, ఎక్కడ పలచబడిందో తెలిసిపోతుంది. పోయే ముగ్గే కాబట్టి చెరిపి మళ్ళీ వెయ్యడానికి మనసు అడ్డురాదు. తర్వాత లావు దారంతో ఒక ముక్క అల్లండి, అది కుదిరాకే 40 నంబరు సన్న దారానికి వెళ్ళండి. అరటి గదులన్నీ పెట్టాలని చూడకండి. మూడు వరసలు పెడితే చూసేవాళ్ళు మిగతావి ఊహించుకుంటారు.

ముక్క అయ్యాక అతుకుపని చేసే మనిషి చేతిలో పెట్టండి. బాగుందా అని అడగొద్దు, మొహమాటానికి బాగుందనేస్తారు. "దీన్ని పక్కదానికి ఎక్కడ కలుపుతావు?" అని అడగండి. వేలు పెట్టి చూపించగలిగితే డిజైను అయినట్టు. తడుముకుంటే అంచు వరస విప్పి మళ్ళీ అల్లాలి.

ప్రతి వరసలో ఎన్ని గొలుసులు, ఎన్ని కుట్లు అన్నది అదే రోజు రాసేయండి, దేన్ని చూసి అల్లారో పక్కన ఒక ముక్క, పేరు, సంవత్సరం కూడా. శాంపిల్‌ని నల్ల చార్టు మీద నాలుగు కుట్లు వేసి బిగించి రేకు డబ్బాలో పెట్టండి. మన వైపు వానాకాలం చెమ్మకి నోటుపుస్తకం బూజు పడుతుంది, దారం మీద పసుపు మచ్చలు వస్తాయి. అందుకని ఎండ కాసిన రోజు డబ్బా మూత తీసి నీడలో ఆరబెట్టుకుంటూ ఉండండి. నేరుగా ఎండలో పెడితే నల్ల చార్టు వెలిసిపోతుంది.