ఇంగ్లిష్ ఉత్తరం పంపేముందు సర్వనామాల తనిఖీ

• 'బిట్వీన్ యూ అండ్ ఐ' అని రాశారేమో చూడండి. ప్రిపోజిషన్ (బిట్వీన్, టు లాంటి పదం) తర్వాత 'మీ' (me) రావాలి. అనుమానమొస్తే రెండో మనిషిని తీసేసి చదవండి: 'గివ్ ఇట్ టు ఐ' అనరు కదా! అంటే 'టు రవి అండ్ మీ' సరైనది. మర్యాదగా ఉంటుందని 'ఐ' పెట్టడంవల్లే ఈ తప్పు ఎక్కువ.

• 'మైసెల్ఫ్ రవి' వద్దు, 'ఐ యామ్ రవి' చాలు.

• 'ఇట్స్'లో అపాస్ట్రఫీ (’ గుర్తు) ఉంటే (it’s) 'ఇట్ ఈజ్' లేదా 'ఇట్ హాజ్'. 'దాని' అనే అర్థంలో (its) ఆ గుర్తు ఉండకూడదు. రెండూ అసలైన పదాలే కాబట్టి స్పెల్‌చెక్‌ను పూర్తిగా నమ్మకండి.

• తెలుగులో 'వచ్చాడు' అంటే కర్త తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌లో 'హీ' వదలకూడదు.

• ఒకే వాక్యంలో ఇద్దరు మగవాళ్లుంటే 'హీ' ఎవరో తేలదు. పేరే మళ్లీ రాయండి.