సెల్లులతో నడిచే పాత రేకు విమానాలు: ఎలా సేకరించాలి, ఎలా నడపాలి?

ముందు ఏ బొమ్మల గురించి మాట్లాడుతున్నామో చెప్తాను. డ్రోన్లు కాదు, గాల్లో ఎగిరే రిమోట్ విమానాలు కూడా కాదు. 1950, 60ల్లో ఎక్కువగా జపాన్‌లో తయారైన రేకు విమానాలు. రేకు మీదే రంగులు అచ్చువేసి, లోపల చిన్న మోటర్ పెట్టి, టార్చిలైటు సెల్లులతో నేల మీద నడిచేలా చేశారు. స్విచ్ వేస్తే ప్రొపెల్లర్లు తిరుగుతాయి, బల్బులు వెలుగుతాయి, గోడకు తగిలితే తనంతట తానే పక్కకు తిరిగి ఇంకో దారి పడుతుంది. కొన్ని మేలు రకాల్లో నాలుగు ఇంజన్లు ఒకదాని తర్వాత ఒకటి మొదలవుతాయి, విమానం కొంచెం దూరం పోయి ఆగుతుంది, తలుపు తెరుచుకుని ఎయిర్‌హోస్టెస్ బొమ్మ కనబడుతుంది. ఇంత పని చేసేదాని కడుపులో ఒక్క చిప్పు కూడా ఉండదు. ఒక మోటర్, పళ్ళ చక్రాలు, కొన్ని రాగి పట్టీలు, అంతే. అరవై ఏళ్ళు దాటినా మన చేతులతో మనం బాగుచేసుకోగలిగేది అందుకే.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తా. వీటిని కొని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయడం నాకు నచ్చదు. ఏళ్ళ తరబడి కదలని మోటర్‌లో నూనె జిగురైపోతుంది, రాగి మీద చిలుము పడుతుంది. అట్లని కొత్తదానిలా మెరవాలని రంగులు వేసి పాడుచేయడం ఇంకా పెద్ద నష్టం. పై రంగు ఎట్లున్నది అట్లే ఉండాలి, లోపలి మోటర్ మాత్రం తిరగాలి. కింద చెప్పేదంతా ఈ లెక్కలోనే ఉంటుంది.

ఎక్కడ వెతకాలి?

హైదరాబాద్ దగ్గరే కాబట్టి పాత సామాన్ల సంత జుమ్మేరాత్ బజార్‌కి గురువారం పొద్దున్నే వెళ్ళడం అందరూ చేసే పనే, మీరూ వెళ్ళండి. కానీ మన పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో వెతికేవాళ్ళు తక్కువ, నాకు ఎక్కువ ఆశ ఇక్కడే. పాత గడీల వారసులు, వనపర్తి, గద్వాల లాంటి సంస్థానాల ఊళ్ళల్లో పాత ఇళ్ళు ఖాళీ చేస్తున్నవాళ్ళు, 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ కట్టిన రోజుల్లో హిల్ కాలనీ, పైలాన్ కాలనీల్లో ఉద్యోగాలు చేసిన కుటుంబాలు, బొంబాయికి పనికి పోయివచ్చిన పాలమూరు ఇళ్ళు, ఇట్లా అందరినీ అడగండి. "పెద్దమ్మా, అటక మీద పాత రేకు బొమ్మలేమైనా ఉన్నయా?" అని అడిగితే ఎవరూ కోప్పడరు, చాయ్ పోసి మరీ వెతికిస్తారు. పాత ఇనుప సామాను దుకాణంలో మీ నంబర్ ఇచ్చి, విమానం ఆకారంలో ఏది వచ్చినా తూకానికి పోకముందే ఒక ఫోటో పంపించమని చెప్పి పెట్టుకోండి. గల్ఫ్ నుంచి వచ్చిన ఇళ్ళల్లో దొరికేవి మాత్రం సాధారణంగా 70, 80ల నాటి ప్లాస్టిక్ విమానాలు. అవి కూడా మంచివే, ధర తక్కువ, నేర్చుకోవడానికి బాగుంటాయి.

ఏ కాలందో ఎలా తెలుస్తుంది?

బొడ్డు కిందో, తోక మీదో తయారుచేసిన కంపెనీ గుర్తు చిన్నగా ఉంటుంది, భూతద్దం పెట్టి చూడండి. టి.ఎన్. అంటే నోమురా, వై అంటే యోనెజావా, ఎస్.హెచ్. అంటే హోరికావా, మోడర్న్ టాయ్స్ అని ఉంటే మసుదాయ. 'మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్' అని ఉంటే అది 1952కి ముందుది, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ పరాయి సైన్యం చేతిలో ఉన్నప్పటిది. అలాంటివి ఎక్కువగా చావి తిప్పే బొమ్మలే, సెల్లువి తక్కువ.

గుర్తు చెరిగిపోతే విమానం ఆకారమే చెప్తుంది. బోయింగ్ 707ని అమెరికా విమాన కంపెనీ పాన్ ఆమ్ 1958 అక్టోబరులో నడపడం మొదలుపెట్టింది, 747ని 1970 జనవరిలో. 747 బొమ్మ చూపించి "ఇది యాభైల నాటి సరుకు" అని ఎవరైనా చెప్తే నమస్కారం పెట్టి వచ్చేయండి. నాలుగు ప్రొపెల్లర్లు, తోక మీద నిలువుగా మూడు రెక్కలు ఉంటే అది లాక్‌హీడ్ కాన్‌స్టెలేషన్. 1948లో ఎయిర్ ఇండియా బొంబాయి నుంచి లండన్‌కి మొదటిసారి నడిపిన విమానం ఆ రకమే. హైదరాబాద్ రాజ్యానికి కూడా ఒక విమాన కంపెనీ ఉండేది, డెక్కన్ ఎయిర్‌వేస్. బేగంపేట నుంచి డకోటాలు నడిపి 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. అందుకే రెండు ఇంజన్ల డకోటా బొమ్మ కనబడితే నాకు చెయ్యి ఆగదు, ఏ కంపెనీ రంగుల్లో ఉన్నా సరే.

పాతదాన్ని పోలిన కొత్త రేకు బొమ్మలు కూడా అమ్ముతున్నారు. బార్‌కోడ్, ప్లస్ గుర్తు స్క్రూలు, ఒక్క గీత కూడా లేని మెరుపు కనబడితే ఆగి ఆలోచించండి.

కొనేముందు సెల్లుల గది తెరవండి

బేరం ఆడేముందు చేయాల్సిన మొదటి పని ఇదే. రంగు పోయినా, టైరు పగిలినా ఫర్వాలేదు, కానీ సెల్లు కారి గది రేకు తినేసి చిల్లులు పడితే ఆ బొమ్మ నడిచే అవకాశం సగానికి సగం పోయినట్టే. తెల్లటి పొడి, కొంచెం పచ్చ చిలుము ఉంటే భయం లేదు, శుభ్రం అవుతుంది. తర్వాత ప్రొపెల్లర్లు అన్నీ ఉన్నాయో లేవో చూడండి, పాత ప్లాస్టిక్ పెళుసు కాబట్టి వేలితో గట్టిగా తిప్పొద్దు. చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపండి. లోపల ఏదో గలగలమంటే పళ్ళ చక్రం ఊడి ఉండొచ్చు, ధర తగ్గించి అడగండి. ఆన్‌లైన్‌లో కొంటుంటే నడుస్తున్న వీడియో అడగండి, సెల్లుల గది ఫోటో అడగండి. ఇవ్వనంటే వదిలేయండి.

ముందు జాతర బొమ్మ మీద చెయ్యి తిరగనివ్వండి

కురుమూర్తి జాతరలోనో, చెర్వుగట్టు జాతరలోనో లైట్లు, పాటలతో తిరిగే ప్లాస్టిక్ విమానం ఒకటి కొనండి. అది కూడా గోడకు తగిలితే తిరిగే బాపతే. కింద గుండ్రటి బిళ్ళ ఉంటుంది, నడిపించే చక్రాలు దానికే బిగించి ఉంటాయి, ముందుకు పోలేనప్పుడు ఆ బిళ్ళ తిరిగి చక్రాల దిక్కు మారుతుంది. పాత జపాన్ రేకు విమానంలో ఉన్న కిటుకు కూడా ఇదే. దాన్ని రెండు మూడుసార్లు విప్పి బిగించారంటే మీకు భయం పోతుంది, తర్వాత పాతదాని జోలికి వెళ్ళండి.

పై రంగు శుభ్రం చేయడం

మొదట మెత్తటి పెయింటింగ్ బ్రష్‌తో దుమ్ము దులపండి. చాలాసార్లు ఇదే సరిపోతుంది. మురికి ఉంటే ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో నూలుగుడ్డ ముంచి, బాగా పిండి, బొడ్డు కింద కనబడని చోట ముందు తుడిచి చూడండి. గుడ్డకు రంగు అంటితే అక్కడితో ఆపేయండి. బోరు నీళ్ళు వాడొద్దు, మన నల్లగొండ బోరు నీళ్ళు ఆరితే గిన్నెల మీద పడే తెల్ల మరకలు అందరికీ తెలిసినవే. పెట్రోలు, థిన్నర్, కిరోసిన్, అద్దాలు తుడిచే స్ప్రే, ఇవేవీ ముట్టుకోవద్దు, కంపెనీ పేరు అక్షరాలు కళ్ళ ముందే కరిగిపోతాయి. తుప్పు చుక్కల మీద గరుకు కాగితం రుద్దొద్దు, చుక్క పోతుంది కానీ దాని చుట్టూ ఉన్న రంగు కూడా పోతుంది.

సెల్లుల గదికి మాత్రం వేరే పద్ధతి. మామూలు కార్బన్ సెల్లు కారితే ఆమ్ల గుణం ఉంటుంది, తినే సోడా కలిపిన నీళ్ళలో ఇయర్‌బడ్ తడిపి తుడవాలి. ఆల్కలైన్ సెల్లు కారితే క్షార గుణం, దానికి నిమ్మరసం చుక్క. ఏది కారిందో తెలియకపోతే, చాలా పాత బొమ్మ అయితే మొదటిదే అనుకుని మొదలుపెట్టండి. ఆ తర్వాత మొబైల్ రిపేర్ షాపుల్లో దొరికే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ద్రవంతో ఇంకోసారి తుడిచి పూర్తిగా ఆరనివ్వండి.

మోటర్‌ని లేపడం

అసలు ఆనందమంతా ఇక్కడే ఉంది, తొందరపడకండి.

రేకు బొమ్మలో పై భాగం, కింది భాగం చిన్న రేకు నాలుకలతో బిగించి ఉంటాయి. గడియారాలు బాగుచేసే సన్నటి స్క్రూడ్రైవర్ మొనకు టేపు చుట్టి, నాలుకను నిలబడేంతవరకే లేపండి, ఇంకా వెనక్కి వంచొద్దు. రెండు మూడుసార్లు వంచితే అది విరుగుతుంది, విరిగితే మళ్ళీ రాదు. అందుకే పైనుంచే పని అయిపోతుందంటే అసలు విప్పకపోవడమే మంచిది. విప్పక తప్పకపోతే అడుగడుగునా ఫోన్‌లో ఫోటోలు తీసుకోండి. రేకు అంచులు చెయ్యి కోస్తాయి, పైలం.

తెరిచాక ఎండిపోయిన గ్రీజు గోధుమ రంగులో గట్టిపడి కనబడుతుంది. టూత్‌పిక్‌తో గీరి తీయండి. పళ్ళ చక్రాల ఇరుసులకు కుట్టుమిషన్ నూనె, సూది మొనతో ఒక్కో చుక్క, ఒక రాత్రి వదిలేయండి. కొబ్బరినూనె వేయొద్దు, చలికాలం పేరుకుంటుంది, తర్వాత జిగురవుతుంది. ఇప్పుడు మోటర్ ఇరుసు చివర చూడండి, రాగి తొడుగు మూడు ముక్కలుగా ఉంటుంది, దాన్ని రెండు సన్నటి పట్టీలు అటూ ఇటూ తాకుతుంటాయి. ఆ తొడుగు నల్లగా ఉంటే కరెంటు పోదు. ఐపీఏ తడిపిన దూది టూత్‌పిక్‌కి చుట్టి దానికి ఆనించి, చేత్తో ఇరుసు తిప్పండి. నాలుగైదు చుట్లకే దూది నల్లబడి కింద నుంచి ఎర్రటి రాగి బయటపడుతుంది. ముక్కల మధ్య సందుల్లో ఉన్న మసి కూడా తీయండి. ఇక్కడ నూనె చుక్క పడకూడదు.

సెల్లులు వెంటనే గదిలో పెట్టేయకండి. రెండు వైర్లకు క్లిప్పులు పెట్టి బయట నుంచి ఒక్క సెల్లుతో, అంటే 1.5 వోల్టులతో మొదలుపెట్టండి, బొమ్మ రెండు సెల్లులదైనా సరే. ప్లస్, మైనస్ సరిగా చూసుకోవాలి, తలుపులు తెరుచుకునే రకాల్లో మోటర్ ఉల్టా తిరిగితే లోపలి బిళ్ళలు ఇరుక్కుంటాయి. తిరగకపోతే చేత్తో కొంచెం సాయం చేయండి. వైరు వేడెక్కినా, కాలిన వార్నిష్ వాసన వచ్చినా వెంటనే తీసేయండి. మొబైల్ చార్జర్‌తో ప్రయత్నించే ఆలోచన అసలు వద్దు, 3 వోల్టుల మోటర్‌కి 5 వోల్టులు పోతే తీగ మాడుతుంది.

అయినా తిరగకపోతే పట్టీలను పక్కకు తప్పించి మల్టీమీటర్‌తో ఆ మూడు రాగి ముక్కలను రెండేసి చొప్పున కొలవండి. మూడు కొలతలూ దాదాపు సమానంగా రావాలి, ఒకటి తేడాగా వస్తే లోపల తీగ తెగింది. దానికీ టెన్షన్ పడక్కర్లేదు. బోరు మోటర్లు కాలిపోయే మన జిల్లాల్లో వైండింగ్ షాపు లేని మండల కేంద్రం ఉండదు. ఫ్యాన్లు చుట్టే పనితనం ఉన్న అన్నను పట్టుకుని, పాత తీగ మందం ఎంత, ఎన్ని చుట్లు, ఏ దిక్కున చుట్టారు, ఈ మూడూ రాసుకుని అట్లే చుట్టమనండి. గింజంత మోటర్‌ని చూసి మొదట నవ్వుతారు, తర్వాత పట్టుదలతో చేస్తారు. జాతర బొమ్మలోని కొత్త మోటర్ తీసి పెట్టడం కూడా కుదురుతుంది కానీ అది చివరి దారి. పెట్టినా, పాత మోటర్‌ని పారేయకుండా డబ్బీలో దాచండి.

నడపడం

షాబాద్ బండలు పరిచిన గది దీనికి చాలా బాగుంటుంది, బండల సందుల్లో చక్రం ఇరుక్కోకుండా చూసుకుంటే చాలు. గోడల వెంబడి దుప్పట్లు చుట్టి పెట్టండి, లేకపోతే ముక్కు మీద, రెక్కల చివర రంగు రాలుతుంది. 1.2 వోల్టుల రీచార్జ్ సెల్లులు వాడితే రెండింటికి కలిపి 2.4 వోల్టులే వస్తాయి, బొమ్మ నెమ్మదిగా, హాయిగా నడుస్తుంది, మోటర్‌కి ఆయుష్షు. పెద్ద సైజు రీచార్జ్ సెల్లులు దొరకకపోతే పెన్సిల్ సెల్లుని లోపల పెట్టుకునే ప్లాస్టిక్ తొడుగులు వస్తాయి, అవి సరిపోతాయి, బరువు కూడా తగ్గుతుంది. రెండు మూడు నిమిషాలు నడిపి కాసేపు ఆపండి. మే నెల పాలమూరు ఎండల్లో మధ్యాహ్నం వద్దు, రాత్రి చల్లబడ్డాక నడపండి. పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని చూపించండి, స్విచ్ వేయనివ్వండి, కానీ మరీ చిన్నపిల్లల చేతికి, నోటికి అందనివ్వొద్దు. ఆ కాలం రంగుల్లో సీసం ఉండొచ్చు. మీరూ పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

దాచడం

అయిపోయిన వెంటనే సెల్లులు తీసేయండి, రేపు మళ్ళీ నడుపుతాం కదా అని వదిలేయొద్దు. రేకుల షెడ్డులో, కిటికీ ఎండలో పెట్టొద్దు. పాత న్యూస్‌పేపర్‌లో చుట్టొద్దు, తెల్ల నూలుగుడ్డలో చుట్టి, బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు వానాకాలం పక్కన వేయండి. కలరా ఉండలు మాత్రం వద్దు, ప్లాస్టిక్ ప్రొపెల్లర్లు మెత్తబడి పాడవుతాయి. అసలు అట్టపెట్టె ఉంటే అది ఎంత చిరిగినా పారేయకండి, కొన్నిసార్లు పెట్టె ఉంటేనే బొమ్మకు సరైన ధర. ఒక్కో బొమ్మకు ఒక చీటీ రాసి పెట్టె లోపల ఉంచండి: ఎవరింట్లో దొరికింది, ఏ భాగం మార్చారు, మోటర్ ఎప్పుడు చుట్టించారు. రేపు మీరు దాన్ని ఎవరికైనా ఇచ్చినా, అమ్మినా, ఆ చీటీ కూడా బొమ్మతోనే పోవాలి.