తెలుగు పుస్తకానికి స్పెల్ చెకర్ ఎలా వాడాలి

విజయవాడలో ఉండి ప్రూఫులు చూస్తుంటాను. ఎక్కువగా చిన్న ప్రచురణకర్తల పుస్తకాలు, సొంత ఖర్చుతో వేసుకునేవాళ్ళ కథలు, వ్యాసాలు. ఫైలు రాగానే నేను అడిగే మొదటి మాట, స్పెల్ చెకర్ పెట్టారా అని. కొందరు "తెలుగుకి అది పనికిరాదండీ, పేజీ నిండా ఎర్రగీతలే" అంటారు. ఇంకొందరు "పెట్టాను, గీతలన్నీ పోయేదాకా సరిచేశాను" అంటారు. నాకు టెన్షన్ పెట్టేది ఈ రెండో రకం ఫైలే. చెకర్ ఇచ్చిన సలహాని చూడకుండా ఒప్పుకుంటూ పోతే రచయిత రాసిన మాట పోయి, దానికి దగ్గరగా ఉండే ఇంకో మాట వచ్చి కూర్చుంటుంది. ఆ మాటలో అక్షరదోషం ఉండదు. దాన్ని పట్టుకోవాలంటే రచయిత మనసులో ఏముందో నాకు తెలియాలి.

ముందు ఫైలు యూనికోడ్‌లో, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతిలో, ఉందో లేదో చూసుకోండి. 'అను' అనే పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన ఫైలుకి మామూలు చెకర్లు పనిచెయ్యవు. తెర మీద తెలుగు కనిపిస్తున్నా లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల కోడ్లే. యూనికోడ్ ఫైలైతే వర్డ్ లాంటిదే, ఉచితంగా దొరికే లిబ్రె ఆఫీస్ చాలు. టూల్స్‌లో ఆప్షన్స్ తెరిచి, భాషల పేజీలో 'కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్' అన్నచోట తెలుగు పెట్టుకోవాలి. పైన 'వెస్టర్న్' అని ఉండేది మనది కాదు. తర్వాత ఎఫ్7 నొక్కితే పని మొదలవుతుంది.

ఎర్రగీతలు చూసి కంగారు పడొద్దు. లిబ్రె ఆఫీస్ లోపల పనిచేసేది హన్‌స్పెల్ అనే చెకర్. అది మొదట హంగేరియన్ భాష కోసం తయారైంది. ఆ భాష కూడా మనదానిలాగే ఒక పదానికి ప్రత్యయాల మీద ప్రత్యయాలు తగిలించుకుంటుంది. హన్‌స్పెల్‌కి ఒక పదాల జాబితా, ఆ పదాలకి ఏమేం అతుక్కోవచ్చో చెప్పే నియమాల ఫైలు ఉంటాయి. తెలుగులో ప్రత్యయాలతో ఆగదు, సంధి కూడా ఉంది. 'ఇంటికెళ్ళినప్పుడల్లా' అనే ఒక్క మాటలో మూడు మాటలున్నాయి. 'వాడేమన్నాడోనని', 'చేయించుకోలేకపోయినవాళ్ళకి' లాంటివి ఏ జాబితాలో ఎన్నని పెడతారు? కాబట్టి గీత పడిందంటే 'ఈ మాట నాకు తెలియదు' అని చెకర్ చెబుతున్నట్టు. తప్పా ఒప్పా తేల్చాల్సింది మీరే. గీత పోవడం కోసం సంధి విడగొట్టి రాయడం మొదలుపెడితే వాక్యం నడక చెడిపోతుంది. దయచేసి ఆ పని చెయ్యొద్దు.

అలాంటప్పుడు చెకర్ ఎందుకంటారా? కన్ను పట్టుకోలేని తప్పులు కొన్నున్నాయి. వాటి కోసం.

అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టేది సున్న. తెలుగు అంకె సున్న ౦, పూర్ణానుస్వారం ం చాలా ఫాంట్లలో ఒకేలా కనిపిస్తాయి. పాత పుస్తకాన్ని స్కాన్ చేసి, బొమ్మలోని అక్షరాల్ని టైపు అక్షరాలుగా మార్చే ఓసీఆర్‌లో తీసిన పేజీల్లో 'పుస్తక౦' అని అంకె సున్నతో వచ్చేస్తుంది. కాగితం మీద చదివితే ఎవరికీ తెలియదు. ఈబుక్‌లో పాఠకుడు 'పుస్తకం' అని వెతికితే మాత్రం అది దొరకదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. అంకెలున్న పదాల్ని చెకర్లు మామూలుగా చూడకుండా వదిలేస్తాయి. లిబ్రె ఆఫీస్‌లో 'రైటింగ్ ఎయిడ్స్' పేజీకి వెళ్ళి, అంకెలున్న పదాలు కూడా చూడమనే చోట టిక్ పెట్టాలి. ఇంకా తేలిక దారి, కంట్రోల్ ఎఫ్ కొట్టి ఆ అంకె సున్నతోనే వెతకడం. పుస్తకంలో తెలుగు అంకెలు వాడనివాళ్ళకి అది ఒక్కచోట కూడా దొరక్కూడదు.

విసర్గ కూడా ఇలాంటిదే. కీబోర్డులో ఃకారం ఎక్కడుందో తెలియక కోలన్ పెట్టేస్తారు. దు:ఖం, అంత:పురం, పున:ప్రారంభం ఇలా. సరైనవి దుఃఖం, అంతఃపురం, పునఃప్రారంభం. వీటిలో చాలావాటికి గీత పడుతుంది. పడనివాటి కోసం కోలన్‌ని వెతుక్కుంటూ ఒకసారి ఫైలంతా తిరగండి, పది నిమిషాల పని. ఇక 'స్వాతంత్ర్యం'. స్వతంత్రకి య చేరితే వచ్చిన మాట కాబట్టి త తర్వాత ర, ఆ తర్వాత య రావాలి. 'స్వాతంత్య్రం' అని ఒత్తులు తారుమారుగా కొట్టినా చూపుకి పెద్ద తేడా ఉండదు. అందుకే కళ్ళని నమ్ముకోకుండా రెండు రూపాల్నీ విడివిడిగా వెతికి చూడాలి.

ఇప్పుడు చెకర్ మూసేసి చెయ్యాల్సిన పని. నిజానికి ఎక్కువ సమయం దీనికే పెట్టాలి. 'పురస్కార ప్రధానం' అని ఎన్ని ఆహ్వాన పత్రికల్లో చూశానో. ఇవ్వడం ప్రదానం, ముఖ్యమైనది ప్రధానం. రెండూ తెలుగులో ఉన్న మాటలే కాబట్టి గీత పడదు. 'పండగ వేళ' అనాల్సిన చోట 'పండగ వేల', 'మెళకువలు' నేర్పుతానంటూ 'మెలకువలు', వ్యవసాయం మీద వ్యాసంలో 'వరి సాగు'కి బదులు 'వారి సాగు'. అన్నీ చెకర్ ముందు నుంచే దర్జాగా వెళ్ళిపోతాయి. అర్ధం, అర్థం అయితే చెప్పనే అక్కర్లేదు. సగం అన్నప్పుడు ధ: అర్ధరాత్రి, అర్ధాంగి, అర్ధశతాబ్దం. తాత్పర్యం, ప్రయోజనం, ధనం, కోరడం అన్నప్పుడు థ: అర్థశాస్త్రం, విద్యార్థి, అభ్యర్థి, ప్రార్థన.

వీటికి మందు ఒకటే. మీ చేతికి అలవాటైన తడబాట్లని ఒక కాగితం మీద రాసి పెట్టుకుని, పుస్తకం అయ్యాక ఒక్కొక్కదాన్నీ వెతకండి. పూర్తి పదంతో కాకుండా ముక్కతో వెతకాలి. 'అర్ధ' అని కొడితే అర్ధం, అర్ధాలు, అర్ధవంతమైన అన్నీ బయటికొస్తాయి. ఒక్కొక్కటీ చూసి మార్చాలే తప్ప 'రిప్లేస్ ఆల్' నొక్కకూడదు, అర్ధరాత్రి కాస్తా అర్థరాత్రి అయి కూర్చుంటుంది. ళ్ల, ళ్ళ మాత్రం వేరు. పెళ్లి, పెళ్ళి రెండూ వాడుకలో ఉన్నవే. ఏదో ఒకటి ఎంచుకుని ఒక్క దెబ్బతో మార్చేసుకోవచ్చు, ఇతరుల రచనల నుంచి తీసుకున్న భాగాల్ని తప్పించి. అనుమానం తీరని మాటని ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, చాలా నిఘంటువులు ఒకేచోట తెరుచుకుంటాయి. చెకర్ చూపించే సలహాల్ని నిఘంటువు మాటగా తీసుకోవద్దు. దాని జాబితాలోనే తప్పు రూపం ఉంటే దాన్ని కూడా ఒప్పుగానే చూపిస్తుంది.

మాండలికంలో రాసేవాళ్ళకి విడిగా చెప్పాలి. "ఎటు వోతున్నవ్ బిడ్డా? పొద్దుగూకినంక ఒక్కదానివి వోవద్దని చెప్పిన గద" అని తెలంగాణ కథలో ఒక తల్లి అంటుంది. చెకర్‌కి అందులో సగం మాటలు ఎర్రగానే కనిపిస్తాయి. సలహా ప్రకారం 'పోతున్నావు' అని మార్చిన మరుక్షణం ఆ తల్లి గొంతు పోతుంది. ఉత్తరాంధ్ర యాసకైనా, రాయలసీమ మాటకైనా అంతే. ఆ గొంతు కోసమే కదా కథ రాసింది! అలాగని ఇక్కడ చెకర్‌ని పక్కన పెట్టేయకండి, ఇక్కడే అది బాగా అక్కరకొస్తుంది. లిబ్రె ఆఫీస్‌లో మీ పుస్తకం పేరుతో ఒక సొంత నిఘంటువు తెరిచి వోతున్నవ్, వోవద్దు, గద అన్నీ అందులో చేర్చండి. తర్వాత నలభయ్యో పేజీలో అదే మనిషి 'పోతున్నవ్' అంటే గీత పడుతుంది. అప్పుడు ఆ మనిషి నోట ఏది పలకాలో మీరు తేల్చుకుంటారు. ఊళ్ళ పేర్లు, ఇంటిపేర్లు కూడా ఈ నిఘంటువులోకే. సిద్దిపేట ఒకచోట, సిద్ధిపేట ఇంకోచోట రాకుండా ఉంటుంది. హనుమకొండ, హన్మకొండ కూడా అంతే.

దీనికి తిరగేసిన నిఘంటువు కూడా పెట్టుకోవచ్చు. కొత్త నిఘంటువు తెరిచేటప్పుడు 'ఎక్సెప్షన్' అన్నచోట టిక్ పెడితే, అందులో చేర్చిన మాట ఎక్కడొచ్చినా చెకర్ ఆపుతుంది. 'ప్రధానోత్సవం' వేసి, బదులుగా 'ప్రదానోత్సవం' అని పక్కన రాసుకోవచ్చు. మీరు చేర్చిన రూపాన్నే పడుతుంది గనుక 'ప్రధానోత్సవానికి' కూడా విడిగా చేర్చుకోవాలి.

ఫోన్‌లో రాసేవాళ్ళు ఆటో కరెక్ట్ ఆపేసుకుని, సూచనలు మాత్రం ఉంచుకుంటే చాలు.

ఇక చివరి మెట్టు. మన దగ్గర చాలా ప్రెస్సుల్లో ఇప్పటికీ యూనికోడ్ ఫైలుని అను ఫాంట్లలోకి కన్వర్ట్ చేసి పేజీలు కడతారు. అప్పటిదాకా మీరు చేసిన చెకింగ్‌కీ ఆ పేజీలకీ మధ్య ఒక మార్పిడి జరిగిందన్నమాట. లక్ష్మిలో ఒత్తు ఎగిరిపోవచ్చు, స్వాతంత్ర్యం మళ్ళీ తారుమారు కావచ్చు, 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుని 'సాఫ్ట్వేర్' కావచ్చు. ఇక్కడ చెకర్ సాయం ఉండదు. పేజీలు కట్టాక ప్రింటు తీయించుకుని, జంట ఒత్తులున్న మాటలు, ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలు, మనుషుల పేర్లు పెన్సిల్‌తో గీసుకుంటూ చూడండి. వీలైతే ఒకరు పాత ఫైలు పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రింటులో చూడాలి. దిద్దిన పేజీలు మళ్ళీ వచ్చినప్పుడు దిద్దమన్న లైనుతో ఆగకుండా దాని పై లైను, కింది లైను కూడా చదవండి.